డాక్టరమ్మ హోంవర్కు

శనివారం మధ్యాహ్నం మా హాస్టల్ వరండాలో జరిగే క్లాసుకు పిల్లలు పెట్టుకున్న పేరు గుండ్రం క్లాసు. అందులో బల్లలు ఉండవు, బోర్డు ఉండదు. చాప మీద అందరూ గుండ్రంగా కూర్చుంటారు. డాక్టరమ్మ కూడా వాళ్లలో ఒకతెగా కూర్చుంటుంది. బూర్గంపాడులోని ఆ ఆడపిల్లల హాస్టల్లో నేను వంట చేసేదాన్ని. పప్పుచారు దించి, చేతులు కడుక్కుని, వంటింటి గడప మీద కూర్చుంటే అంతా వినబడేది. మొదటిసారి లేచి పోబోతే డాక్టరమ్మ ఆపింది.

"ఉండు ఆదెమ్మా. ఇక్కడ విన్నది బయట చెప్పకపోతే చాలు."

అందుకే ఇది రాసే ముందు ఆ పిల్లలను అడిగాను. ఇప్పుడు వాళ్లు పిల్లల తల్లులు. రాయమన్నారు.

డాక్టరమ్మ పేరు హైమావతి. దవాఖానా ఖమ్మంలో. ఆ ఏడు దసరా సెలవుల తర్వాత మా హాస్టల్లో ఒకరి వెనక ఒకరు పిల్లలు పడిపోవడం మొదలైంది. ప్రార్థనలో నిలబడి ఒకతె, పరీక్ష పేపరు చేతిలో పట్టుకుని ఇంకొకతె. రక్తం తక్కువన్నారు, గాలి సోకిందన్నారు, నాటకాలన్నారు. వార్డెనమ్మ వాళ్లను ఖమ్మం తీసుకుపోతే ఈ డాక్టరమ్మ దగ్గరికి పంపారట. ఆమె పిల్లలతో చాలాసేపు మాట్లాడి, "మనసుకు కూడా జ్వరం వస్తుంది. ఒక్కొక్కరికి గోళీలిచ్చి పంపడం కంటే అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, జ్వరం వచ్చినప్పుడు ఏం చేసుకోవాలో నేర్పితే మేలు" అన్నది. అనడమే కాదు, శనివారం శనివారం బస్సెక్కి రావడం మొదలుపెట్టింది.

ఆమె మొదట ఏవో ఇంగ్లీషు పేర్లు చెప్పింది. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. మాకు వాటికి మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి. గుండె దడదడలాడి కాళ్లు వణికితే బుగులు. తిండి సయించక, ఏ పనీ చెయ్యబుద్ధి కాక, గోడ వైపు తిరిగి పడుకుంటే రంది. నాలుగు వారాలు తిరిగేసరికి డాక్టరమ్మ కూడా బుగులు, రంది అనే అనేది.

పుల్లమ్మకు రెండూ ఉండేవి. తొమ్మిదో తరగతి. అడవిలో కోయగూడెం పిల్ల. అమ్మానాన్న లేరు, నాయనమ్మ ఎర్రమ్మ పెంచింది. సారు లేచి నిలబడమంటే చాలు, ఆ పిల్లకు ఊపిరి అందేది కాదు, వేళ్లు కొంకర్లు పోయేవి. ఆ తర్వాత కొన్నాళ్లు కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయేది. ఏమైందే అంటే తల అడ్డంగా ఊపేది. ఎవరూ కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. అదే నాకు అంతుపట్టేది కాదు.

"కారణం ఉండి తీరాలని లేదు ఆదెమ్మా," అనేది డాక్టరమ్మ. "జ్వరం వచ్చిన పిల్లను ఎందుకొచ్చిందని నిలదీస్తామా?"

గుండ్రం క్లాసులో మొదట నేర్పింది ఊపిరి. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఆ చెయ్యి లేచేదాకా నెమ్మదిగా పీల్చాలి, అంతకంటే నెమ్మదిగా వదలాలి. తర్వాత నేర్పింది, బుగులు ఒంట్లో ఎక్కడ కూర్చుంటుందో కనిపెట్టడం.

"నాకు మోకాళ్లల్ల మేడం," అన్నది చాంది. తండా పిల్ల, నోరు ఆగదు. "లెక్కల సారును జూస్తే నా మోకాళ్లు నా మాట ఇనవు. ఆయననే అడుగుతయి ఎటు పోవాల్నో."

అందరూ నవ్వారు. రత్నకుమారి నవ్వలేదు. ఆ పిల్లది హాస్టల్ కాదు. వాళ్ల నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పత్తి, మిరప వేసే రైతు. డాక్టరు చదివించాలని ఖమ్మం కోచింగులో వేస్తే, పిల్ల సగం చిక్కి ఇంటికి వచ్చేసింది. శనివారం మాత్రం స్కూటరు మీద దింపిపోయేవాడు.

"నాకు గొంతులోనండీ," అన్నది. "ముద్ద దిగదు."

పుల్లమ్మ వంతు వచ్చింది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. వంటింట్లో పాలు పొంగుతున్న వాసన వచ్చినా నేను లేవలేదు. ఆ పిల్ల రెండు అరచేతులూ దోసిలిలా మూసి ఒళ్లో పెట్టుకున్నది.

"గిట్ల," అన్నది. "పిట్టను పట్టుకుంటే లోపల కొట్టుకుంటది గద. గట్ల."

అంతమంది ముందు ఆ పిల్ల మాట్లాడడం అదే మొదలు.  పాలు పొంగిపోయాయి.

మాఘమాసం జాతరలు అయిపోయాక అనుకుంటా, డాక్టరమ్మ ఒక హోంవర్కు ఇచ్చింది.

"వచ్చే శనివారం లోపల ఒక్కరిని ఒక్కటి అడగాలి. మీకు నిజంగా కావలసింది. మొహం చూసి అడగాలి. చుట్టు తిప్పొద్దు. ముందే క్షమించమని బతిమాలొద్దు."

"వాళ్లు లేదంటే మేడం?" అన్నది చాంది.

"లేదంటారు. అంతే గదా. అడగడం వరకే మన పని."

ఆ సాయంత్రమే చాంది వంటింట్లోకి వచ్చి నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకున్నది. "ఆయమ్మా, నా మొహం జూడు. అన్నం గిన్నెల అడుగు మాడు నాకు గావాలె. ఎవ్వలకు ఇయ్యొద్దు." ఇవ్వక చస్తానా. రత్నకుమారి వాళ్ల నాన్నను అడిగింది, అన్నం తినేటప్పుడు ర్యాంకుల మాట ఎత్తొద్దని. ఆయన కలుపుతున్న చెయ్యి ఆపి, కాసేపు చూసి, "సరేనమ్మా" అన్నాడట. ఆ పూట పత్తి రేటు గురించి కూడా మాట్లాడలేదట, భయపడి.

పుల్లమ్మ ఏం అడిగిందో ఎవరికీ చెప్పలేదు. సంతకు వచ్చిన వాళ్ల గూడెం మనిషి బొజ్జయ్యతో కబురు పంపిందని తర్వాత తెలిసింది. "అవ్వను రమ్మను. నాకు జూడాలనున్నది."

శనివారం క్లాసు మధ్యలో ఎర్రమ్మ వచ్చింది. చంకలో నల్లటి కోడిపెట్ట, కాళ్లు నారతో కట్టి ఉన్నాయి. వరండా కింద నిలబడి మనవరాలిని చూసి, వాళ్ల భాషలో ఏదో అన్నది. పుల్లమ్మ మొహం విప్పారింది. ఎర్రమ్మ డాక్టరమ్మ వైపు తిరిగింది.

"ఏడాదైతంది తల్లీ, ఇది నన్ను ఏదన్న అడగక. పలకది, ఉలకది. నువ్వు అడిగించినవ్. ఇగో, పట్టు."

కోడిని రెండు చేతులతో చాపింది.

డాక్టరమ్మ లేచి నిలబడింది. "అయ్యో, వద్దమ్మా. నేనేం తీసుకోను. ఇదంతా ఉచితం."

"మంచి కోడి. గుడ్లకొచ్చింది. తెగులు లేదు."

"కోడి మంచిదే. మీ ఇంట్లోనే ఉండనీ. గుడ్లు పిల్లకు పెట్టు."

"తీస్కోవా?"

"వద్దమ్మా. నిజంగా వద్దు." ఎంత మెత్తగా అన్నదో. చెయ్యి పట్టుకుని మరీ అన్నది.

ఎర్రమ్మ మళ్లీ అడగలేదు. కోడిని చంకలో పెట్టుకున్నది. ఆమె మొహంలో కోపం కనబడలేదు. చేతికి రావలసింది జారిపోతే చూసే చూపు ఒకటి ఉంటుంది కదా, అది. పుల్లమ్మను చూసి ఒక్క మాట అన్నది. ఆ పిల్ల లేచి, లోపలికి పోయి, బట్టల సంచి తెచ్చుకున్నది. వార్డెనమ్మ ఏమిటని అడిగితే ఎర్రమ్మ, "ఇంటికి తీస్కపోతన్న" అన్నది తప్ప ఇంకో మాట లేదు. ఇద్దరూ బస్టాండు వైపు నడిచిపోయారు. కోడి తల వెనక్కి తిప్పి మమ్మల్ని చూస్తూ పోయింది.

ఇప్పపూల కాలం వచ్చింది కదా, ఏరడానికి మనిషి కావాలేమోనని డాక్టరమ్మ అనుకున్నది. నేనూ అంతే అనుకున్నాను.

మరుసటి శనివారం పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. పుల్లమ్మ జాగా ఖాళీగా ఉంది. దగ్గరికి జరగండి అన్నా ఎవరూ జరగలేదు. పన్ను ఊడిన చోటులా ఆ ఖాళీ అట్లాగే ఉంది. అప్పుడే బొజ్జయ్య సంత సామాను మూటతో గేటు దగ్గర నిలబడి నన్ను కేకేశాడు.

"పిల్ల జొన్న గడుక గూడ తాగుతలేదు ఆదెమ్మక్కా. గోడ దిక్కే పండుకుంటంది. ఎర్రమ్మ పిన్ని ఏడుస్తంది, డాక్టరమ్మ చేతులెత్తేసింది గద అని."

"ఎప్పుడెత్తిందయ్యా? ఈ పిల్ల కోసం ఎదురుచూస్తా ఉంది!"

"కోడిని తిరగిచ్చింది గద?" బొజ్జయ్య నా మొహం చూసి, నాకు అర్థం కాలేదని తెలుసుకుని, మూట దింపాడు. "మా గూడెంల బుగులు తీసేటోళ్లకు కోడినిస్తం. తీస్కున్నరంటే పని ఒప్పుకున్నట్టు. తిరగిచ్చిన్రంటే, ఇది నాతోని గాదు, ఇంటికి తీస్కపోండ్రి అన్నట్టు. ఎవ్వలైనా నోటితోని గట్ల చెప్తరా? కోడిని తిరగిస్తరు, గంతే."

ఈ మాట వరండాలో చెప్పాను. డాక్టరమ్మ చేతిలో టీ గ్లాసు అట్లాగే ఉండిపోయింది. ఆ పిల్ల ఆమె ముందే కూర్చుని, తన గురించి వచ్చిన తీర్పు విని, సంచి సర్దుకుని పోయిందన్నమాట.

"రేపే పోతాను," అన్నది డాక్టరమ్మ. "పోయి వివరంగా చెప్తాను."

"ఏం జెప్తరు మేడం?" అన్నది చాంది.

"నేను కోడి వద్దన్నదానికి అర్థం అది కాదని."

"అప్పుడు కూడా కోడి వాళ్ల దగ్గరే ఉంటుంది కదండీ," అన్నది రత్నకుమారి మెల్లగా.

డాక్టరమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"అడగాలె మేడం," అన్నది చాంది. "నా కోడి నాకు గావాలె అని అడగాలె."

"వాళ్ల ఇంట్లో ఉన్నదెంత? నేను పోయి కోడి ఎట్లా అడుగుతానే? ఇవ్వాలంటే ఇస్తాను గానీ, అడగడం నాకు..."

"చుట్టు తిప్పుతున్నరు మేడం."

 పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ల కళ్లలో అట్లాంటి వెలుగు నేను అంతకుముందు చూడలేదు. చాంది నా భుజం మీది తువ్వాలు లాక్కుని తల మీద కప్పుకుని, నడుము వంచి, ఖాళీగా ఉన్న జాగా ముందు నిలబడింది.

"నేను ఎర్రమ్మను. ఎందుకొచ్చినవ్ డాక్టరమ్మా?"

"అమ్మా, మీరు మరోలా అనుకోకపోతే, మీకేం ఇబ్బంది లేకపోతే..."

"ముందే బతిమాలుతున్నరు!" అని అరిచారు పిల్లలు.

"ఆ రోజు ఏం జరిగిందంటే..."

"చుట్టు! చుట్టు!"

డాక్టరమ్మ నేల చూసింది. "నాకు... ఆ కోడి కావాలి."

"మొహం చూసి అనాలండీ," అన్నది రత్నకుమారి.

డాక్టరమ్మ తలెత్తింది. "నాకు నా కోడి కావాలి."

చాంది తువ్వాలు కొంచెం పక్కకు జరిపి ఆమెను పరీక్షగా చూసింది. "మీకు బుగులు ఏడ కూసుంటది మేడం?"

డాక్టరమ్మ కొంచెంసేపు ఆలోచించింది. "చెవుల్లో. కాలిపోతున్నాయి."

నిజమే, చెవులు రెండూ ఎర్రగా ఉన్నాయి. పిల్లలంతా పొట్ట మీద చేతులు పెట్టుకుని చూపించారు, ఎట్లా పీల్చాలో.

ఆమె ఆ రాత్రి హాస్టల్లోనే పడుకున్నది. పొద్దున్నే చాందినీ, వాళ్ల నాన్న మళ్లీ తెచ్చి దింపిన రత్నకుమారినీ, నన్నూ వెంటబెట్టుకుని బస్సెక్కింది. తారురోడ్డు అయిపోయిన చోట దిగి అడవిలో నడిచాం. ఇప్పచెట్ల కింద నేలంతా ఊడ్చి ఉంది, తెల్లని పూలు రాలుతున్నాయి. తియ్యటి వాసన తల తిరిగేట్టు ఉంది. గూడెం మొదట్లోనే ఎర్రమ్మ వంగి పూలు ఏరుతూ కనబడింది. మమ్మల్ని చూసింది, ఏరడం ఆపలేదు.

"ఇంత దూరం ఎందుకొచ్చిన్రు?"

డాక్టరమ్మ ఆమెకు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నది, మొహాలు సమంగా వచ్చేట్టు.

"నా కోడి కోసం వచ్చాను. నాకు నా కోడి కావాలి."

ఎర్రమ్మ చెయ్యి ఆగింది.

"ఆనాడు వద్దంటివి."

"మీ పద్ధతి నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. పిల్ల నాతో కాదని నేను అనలేదు. కోడి ఇయ్యి."

ఎర్రమ్మ చాలాసేపు ఆమెను చూసింది. తర్వాత గంపలో పూలు అటూ ఇటూ సర్దింది. "ఉన్నది. గని రాదు. గుడ్ల మీద కూసున్నది. గుడ్ల మీద కూసున్న కోడిని లేపొద్దు."

ఇదెవరూ అనుకోనిది.  రత్నకుమారి నా కొంగు లాగి, "పుంజునైనా అడగమనండి ఆయమ్మగారూ" అని గుసగుసలాడింది. ఎర్రమ్మ చెవులు చురుకు.

"ఏ కోడిని చాపితే ఆ కోడే ఇయ్యాలె బిడ్డా. ఇంకోటి చెల్లదు. పిల్లలు లేచినంక రాండ్రి."

"అప్పటిదాకా పుల్లమ్మ?"

"ఈడనే ఉంటది. ఉంటదో ఏమో." అని మళ్లీ పూలు ఏరడానికి వంగింది.

పుల్లమ్మ ఇంటి చూరు కింద నులక మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. భుజాలు కట్టెల్లా తేలాయి. డాక్టరమ్మ లెమ్మనలేదు. మంచం పక్కన నేల మీద కూర్చున్నది. మేమూ కూర్చున్నాం.

"నీ జాగా అట్లనే ఉన్నది," అన్నది చాంది. "ఎవ్వల్ని కూసోనిస్తలేం."

 పైన ఆకులు గలగలమన్నాయి.

"కోడినడిగిన్రా?" అన్నది పుల్లమ్మ గోడతోనే.

"అడిగాను," అన్నది డాక్టరమ్మ.

"మొహం జూసి?"

"మొహం చూసే."

"ఆమె బుగులు చెవులల్ల కూసుంటదంట," అన్నది చాంది. "ఇటు మల్లి జూడు, ఇంకా ఎర్రగనే ఉన్నయి."

పుల్లమ్మ నెమ్మదిగా ఇటు తిరిగింది. డాక్టరమ్మ చెవులను చూసింది. నవ్వలేదు. కానీ మేం లేచేలోపు ఎర్రమ్మ ముంతలో గడుక తెస్తే సగం తాగింది. ఎర్రమ్మ కళ్లు తుడుచుకుంటూ మిగిలిన సగం తను తాగింది.

కోడి లేకుండా, పిల్ల లేకుండా తిరిగి వచ్చాం.  గుడ్లు పిల్లలయ్యేదాకా ఆ పిల్ల నిలుస్తుందా అన్నదే మా అందరి మనసులో ఉంది. రత్నకుమారి మాత్రం ఒకసారి, "అడగడం వరకే మన పని అన్నారు కదండీ" అన్నది. డాక్టరమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నడిచింది.

శనివారం చాపలు పరుస్తున్నాం. గేటు ముందు బస్సు ఆగింది. అక్కడ స్టాపు లేదు. కండక్టరు తల బయటపెట్టి, "హాస్టల్! కోడి దిగాలె, మెల్లగ!" అని అరిచాడు.

దిగింది పుల్లమ్మ. రెండు చేతులతో గంప పట్టుకుని ఉంది, దాని మీద పాత చీర ముక్క కప్పి ఉంది. వెనక ఎర్రమ్మ గొణుక్కుంటూ దిగింది.

"నేను వద్దన్న. ఇంటదా? లేపొద్దన్నవు గద అవ్వా, నేను లేపుతలేను, గంపతోనే ఎత్తుతన్న అన్నది. గడ్డి, గుడ్లు, కోడి, మొత్తం ఎత్తుకున్నది. ఒళ్లె వెట్టుకోని కూసున్నది, నన్ను ముట్టనియ్యలే."

పుల్లమ్మ గంపను గుండ్రం మధ్యలో దింపి, చీర ముక్క తీసింది. నల్లకోడి రెక్కలు ఉబ్బించి, గుడ్ల మీద అట్లాగే కూర్చుని ఉంది. అందరి వైపూ కోపంగా చూసింది. ఎర్రమ్మ గంప అంచు మీద చెయ్యి వేసి, డాక్టరమ్మ వైపు కొంచెం నెట్టింది. డాక్టరమ్మ రెండు చేతులతో అంచు పట్టుకున్నది.

"తీసుకున్నాను," అన్నది.

ఎర్రమ్మ అప్పుడు కూర్చున్నది. నేను టీ తెచ్చాను.

పుల్లమ్మ తన జాగాలో కూర్చున్నది. ముఖం వాడిపోయే ఉంది. ఆ తర్వాత కూడా గోడ వైపు తిరిగి పడుకున్న రోజులు ఆ పిల్లకు ఉన్నాయి, లేవని చెప్పను. కానీ ఆ మధ్యాహ్నం, ఎవరూ అడగకముందే తనే మాట్లాడింది.

"రోడ్డంత గుంతలు మేడం. గుడ్లు ఒకదానికొకటి తగులుతున్నయి. చేతులల్ల పిట్ట కొట్టుకున్నది. అయినా లేచి డ్రైవరు కాడికి పోయిన. మెల్లగ పోనియ్యి అన్న."

"బస్సంత మంది ముందట?" అన్నది చాంది.

"అవ్."

"ఏమన్నడు?"

"జల్దీ పోవాలె, కుదరదన్నడు. నేను ఆడనే నిలబడ్డ, ఆయన మొహం జూసుకుంట. మల్ల మెల్లగనే పోనిచ్చిండు."

"మేడం," అన్నది రత్నకుమారి, "ఇది రెండు హోంవర్కుల కిందికి వస్తుందండీ."

 డాక్టరమ్మ కళ్లు తుడుచుకుని, తనదైన కోడిని ఒకసారి నిమరాలనుకున్నదేమో, గంపలోకి చెయ్యి పెట్టింది. కోడి ఠక్కున పొడిచింది. డాక్టరమ్మ చెయ్యి లాక్కున్నది.

"అడిగి ముట్టుకోవాలె మేడం," అన్నది పుల్లమ్మ.

అని, తనే ముందు నవ్వింది.